సమోసా పుట్టుపూర్వోత్తరాలు



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల గురించీ యుద్ధాల గురించీ వ్రాయగలిగిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారని మనవి చేశాను. "మీకు బాగా తెలిసిన దాని గురించే వ్రాయండి" అన్నారాయన. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసిన నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి ఫైలు, రెండవది సాయంత్రం నాలుగు గంటల టీ. ఫైళ్ళ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత టీతోపాటు వచ్చే సమోసా గురించి వ్రాస్తున్నాను. నవ్వుకోకండి. ఈ మూడు మూలల పొట్లానికి వెయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. దానికి నేనొక బాకీ పడి ఉన్నాను కూడా. ముందు ఆ బాకీ ఎట్లా ఏర్పడిందో చెప్పి తరువాత చరిత్రలోకి వెళతాను.

నేను 1974లో హైదరాబాదులో ఎల్.డి.సి.గా ఉద్యోగంలో చేరాను. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు, శుద్ధ శాకాహార కుటుంబం. మా సెక్షనులో యు.డి.సి.గా ఒక పెద్దాయన ఉండేవారు. నిజాం ప్రభుత్వ కాలంలో, ఫైళ్ళు ఉర్దూలో నడిచే రోజులలో కొలువులో చేరినవారు. అందరం ఆయనను "సాబ్" అనే పిలిచేవాళ్ళం. నోటు వ్రాయడం, డ్రాఫ్టు పెట్టడం నాకు నేర్పినది ఆయనే.

నా మొదటి జీతం రోజున ఆయనే ఇరానీ హోటలు నుంచి అందరికీ టీ, కాగితం పొట్లంలో చిన్న చిన్న సమోసాలు తెప్పించారు. నేను చేయి చాపలేదు. "తీసుకో బాబూ, ఉల్లిగడ్డదే. గోష్ లేదు" అని ఒకటి విరిచి చూపించారు. లోపల నిజంగానే ఉల్లిపాయ. అయినా నేను, "అది కాదు సాబ్, అన్నీ ఒకే నూనెలో, ఒకే మూకుట్లో వేయిస్తారు గదా" అన్నాను. ఆయన "అట్లనా, సరే" అని ఆ విరిచిన సమోసా తానే తిన్నారు. నేను టీ మాత్రం త్రాగాను. ఆ కప్పులో అంతకు ముందు ఎవరెవరు త్రాగారో విచారించాలని నాకు తోచలేదు!

అప్పటికి నా ఉద్దేశం ఏమిటంటే సమోసా అనేది వారి వంట, మన వంట కాదు అని. పదవీ విరమణ చేసిన తరువాత అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి కూర్చోవడం అలవాటయింది. అక్కడ చదివిన పుస్తకాల వల్ల ఈ "వారి", "మన" లెక్క నేననుకున్నంత సులభం కాదని తెలిసింది. ఆ సంగతులు వరుసగా మనవి చేస్తాను.

పుట్టినిల్లు

సమోసా పేరు పారశీక భాషలోని "సంబూసగ్" అనే మాట నుంచి వచ్చింది. అరబ్బులు దానిని "సంబూసజ్" అన్నారు. 10వ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ అనే ఆయన కూర్చిన వంటల గ్రంథంలో ఇది ఉన్నది. 11వ శతాబ్దంలో గజనీ ప్రభువుల చరిత్ర వ్రాసిన అబుల్ ఫజల్ బైహకీ కూడా దీనిని ప్రస్తావించాడు. అప్పటి సంబూసజ్ అంటే పిండి రేకులో కైమా మాంసం, మసాలా పెట్టి మడిచి వేయించినది. బిడారులతోనూ సైన్యాలతోనూ, వంటవాళ్ళతోనూ అది తూర్పుగా నడిచింది.

విచిత్రం ఏమిటంటే, ఇరాన్ దేశంలోనే 16వ శతాబ్దం తరువాత దీని వాడుక తగ్గిపోయి కొన్ని ప్రాంతాలకే పరిమితమైంది. పుట్టినింట తగ్గి మెట్టినింట పెరిగిన ఆడపడుచు వంటిది సమోసా. మెట్టినిల్లు మన దేశమే.

ఢిల్లీ విందు, ఓరుగల్లు కోట

మన దేశంలో దీని మొదటి జాడలు ఢిల్లీ సుల్తానుల కాలంలో కనిపిస్తాయి. 1325లో మరణించిన కవి అమీర్ ఖుస్రో, మాంసము, నెయ్యి, ఉల్లిపాయలతో చేసిన సమోసాను ప్రభువులు ఇష్టపడి తినేవారని వ్రాశాడు. సమోసా తినకపోవడానికీ చెప్పు తొడుక్కోకపోవడానికీ కారణం ఒకటే మాటలో చెప్పమనే పొడుపుకథ ఒకటి ఆయన పేరుమీద ప్రచారంలో ఉన్నది. ఆ భాషలో "వేయించడం" అనే అర్థమూ "చెప్పు అడుగు" అనే అర్థమూ ఒకే మాటకు ఉండడం అందులోని చమత్కారం. పొడుపుకథలోకి ఎక్కిందంటే, అది ప్రభువుల పళ్ళెం దిగి ప్రజల నోట పడిందన్నమాట.

1334లో ఢిల్లీ చేరిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఇంకా వివరంగా వ్రాశాడు. సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ ఆతిథ్యంలో వడ్డన ఏ వరుసలో జరిగేదో చెబుతూ, బాదం, అక్రోటు, పిస్తా, ఉల్లిపాయ, మసాలాలతో వండిన కైమాను పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించేవారనీ, ఒక్కొక్కరి ముందు నాలుగో అయిదో పెట్టేవారనీ, ఆ తరువాతనే అన్నం వచ్చేదనీ తెలిపాడు. ఏడువందల ఏళ్ళ క్రితం కూడా ఇది భోజనానికి ముందు తినే తిండే!

ఇక్కడ తెలుగువారు ఒక క్షణం ఆగాలి. ఈ మహమ్మద్ బిన్ తుగ్లకే, గద్దె ఎక్కడానికి రెండేళ్ళ ముందు, 1323లో యువరాజుగా ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుని ఓడించినవాడు. కాకతీయ సామ్రాజ్యం ఆయన చేతిలోనే ముగిసింది. కోటను కొట్టిన కత్తీ సమోసాను వడ్డించిన పళ్ళెమూ ఒకే ఇంటివి. కత్తి తుప్పు పట్టిపోయింది. పళ్ళెంలోని వస్తువు మాత్రం ఈరోజు వరంగల్లు బస్టాండులో కూడా దొరుకుతుంది. చరిత్రలో ఏది నిలుస్తుందో ఏది పోతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

అక్బరు వంటశాల ఇండెంటు

15వ శతాబ్దం చివర మాళవ దేశంలో మాండూ కోట నుంచి పాలించిన గియాసుద్దీన్ ఖిల్జీ అనే సుల్తానుకు వంటలంటే అమిత ప్రీతి. ఆయన కాలంలో మొదలై కుమారుని కాలంలో పూర్తయిన "నిమత్‌నామా" అనే బొమ్మల పుస్తకంలో సమోసాలు చేసే విధానాలు అనేకం ఉన్నాయి. సుల్తాను ఎదుట సమోసాలు తయారవుతున్న బొమ్మ కూడా ఉన్నది. ఆ వ్రాతప్రతి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది.

నాకు అన్నింటికంటె ఎక్కువ సంతోషం కలిగించినది అక్బరు చక్రవర్తి ఆస్థానంలో అబుల్ ఫజల్ వ్రాసిన "ఐన్-ఇ-అక్బరీ". అది చదువుతుంటే మన ఆఫీసు స్టోర్సు రిజిస్టరు చదివినట్లే ఉంటుంది. హిందూస్థానం ప్రజలు "సంబూసా" అని పిలిచే వంటకానికి అందులో ఇచ్చిన ఇండెంటు ఇది: మాంసం 10 సేర్లు, సన్నని పిండి 4 సేర్లు, నెయ్యి 2 సేర్లు, ఉల్లిపాయలు 1 సేరు, ఉప్పు అర సేరు, పచ్చి అల్లం పావు సేరు, ఆపైన మిరియాలు, ధనియాలు, ఏలకులు, జీలకర్ర. దీనిని ఇరవై విధాలుగా వండవచ్చుననీ, ఈ సరుకుతో నాలుగు పళ్ళేలు నిండుతాయనీ అడుగున నోటు కూడా ఉన్నది. ఆ గుమాస్తా ఎవరో గాని ఆయనకు నా నమస్కారం.

ఈ ఇండెంటులో లేనివి రెండు గమనించండి. మిరపకాయ లేదు, బంగాళాదుంప లేదు. కారానికి మిరియమే దిక్కు. మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. మిరియానికి బదులు వచ్చిన కాయ గనుకనే మనవారు ఆ పేరుకు దగ్గరగా మిరపకాయ అన్నారు. బంగాళాదుంప దక్షిణ అమెరికాది. అది కూడా పోర్చుగీసువారి ద్వారానే 17వ శతాబ్దంలో పశ్చిమ తీరానికి వచ్చి, ఆంగ్లేయుల ప్రోత్సాహంతో 18వ శతాబ్దం చివరా 19వ శతాబ్దంలోనూ దేశమంతటా వ్యాపించింది. మనం దానిని బంగాళాదుంప అనడంలోనే అది మన వైపుకు ఏ దిక్కు నుంచి వచ్చిందని మన పెద్దలు అనుకొన్నారో తెలుస్తున్నది. ఇక ఆలుగడ్డ దొరికిన తరువాత సమోసా మాంసం తినని ఇళ్ళలోకి కూడా దర్జాగా అడుగు పెట్టింది. ఈనాడు దేశంలో ఎక్కువమంది సమోసా అనగానే తలచుకొనేది ఆలుగడ్డ కూరనే. అంటే మనం "అసలైన సమోసా" అనుకొనేది అక్బరు పాదుషాకు తెలియనే తెలియదు!

పొర పుట్టే విధానం

లోపలి కూర ఎన్నిసార్లు మారినా సమోసా ప్రాణం పై పొరలోనే ఉన్నది. ఈ పొర రెండు రకాలు. ఉత్తరాది పద్ధతిలో మైదాలో నెయ్యి గాని నూనె గాని పోసి, పిండి పిడికిట్లో ముద్దగా నిలిచేదాకా మర్దిస్తారు. తరువాత కొద్ది నీళ్ళతో గట్టిగా కలుపుతారు. కొవ్వు పిండి రేణువులకు పట్టుకొని ఉండడం వలన పిండి జిగురుగా సాగదు. వేగిన తరువాత కొరికితే పొరలుగా విరిగి పొడి రాలుతుంది. సన్నని సెగ మీద తాపీగా వేయించాలి. తొందరపడితే పైన బుడగలు వచ్చి లోపల మెత్తగా ఉండిపోతుంది.

హైదరాబాదు ఇరానీ హోటళ్ళ సమోసా వేరు. దీనికి రెండు మూడు చిన్న రొట్టెలను ఒకదానిపై ఒకటి, మధ్య నూనె రాసి పొడి పిండి చల్లి, కలిపి పలుచగా వత్తుతారు. పెనం మీద అలా వేసి ఇలా తీసి, కాగితాలవలె విడదీసి, పట్టీలుగా కోస్తారు. ఒక్కొక్క పట్టీని మూడు మూలలుగా చుట్టి, మైదా జావతో అంచు అతికిస్తారు. నూనె, పిండి మధ్య పెట్టి పొర పుట్టించే ఈ యుక్తి మనకు క్రొత్తది కాదు. తాపేశ్వరం మడత కాజా చేసేవారిని అడగండి. అది తీపి, ఇది కారం, అంతే తేడా.

ఈ సమోసాలో ఉల్లిపాయ తరుగులో అటుకులు కలుపుతారు. చాలామంది ఖర్చు తగ్గించడానికని అనుకొంటారు. అసలు కారణం వేరు. ఉల్లిపాయకు ఉప్పు తగిలితే నీరు వదులుతుంది. ఆ నీరు తగిలితే పలుచని పొర మెత్తబడుతుంది. అటుకులు ఆ నీటిని పీల్చుకొని పొరను కరకరలాడేటట్లు కాపాడతాయి.

ఈ హోటళ్ళు పెట్టినవారు 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలోనూ ఇరాన్ నుంచి బొంబాయికి వచ్చి, అక్కడినుంచి పూనాకు, హైదరాబాదుకు చేరినవారు. వారి స్వదేశంలో మరుగునపడిన వంటకం ఇక్కడ వారి గల్లాపెట్టె ప్రక్కనే అద్దాల బీరువాలో కనిపించింది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో "లుఖ్మీ" అని ఇంకొకటి ఉంటుంది. అది సమోసాకు దగ్గర చుట్టమే గాని నాలుగు పలకలుగా ఉంటుంది, లోపల కైమా. ముద్ద అని అర్థం వచ్చే "లుక్మా" నుంచి ఆ పేరు వచ్చింది.

ఊరు మారితే పేరూ మారింది. బెంగాలులో, నీటిలో పెరిగే శింగాడా కాయ ఆకారంలో ఉంటుందని "శింగారా" అంటారు. గోవాలోనూ పోర్చుగల్లోనూ "చమూసా". మధ్య ఆసియాలో "సంసా", దానిని వేయించరు, తందూరు పొయ్యిలో కాలుస్తారు. తూర్పు ఆఫ్రికాలో "సంబూసా". 19వ శతాబ్దంలో మన తెలుగువారు కూలీలుగా వెళ్ళిన మారిషస్‌లోనూ, దక్షిణాఫ్రికాలోని నటాల్‌లోనూ కూడా ఈనాడు ఇది వీధి వీధిలో దొరికే తిండి. ఎక్కడికి వెళ్ళినా అక్కడివారు తినేదానిని తన కడుపులో పెట్టుకొన్నది. మడత మాత్రం విడువలేదు.

మళ్ళీ మా సాబ్ దగ్గరికి

ఇంక నా బాకీ సంగతి. మా సాబ్ 1977 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశారు. పెన్షను కాగితాలు పంపిస్తే ఒక కార్యాలయం నుంచి అభ్యంతరం వచ్చింది. ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి పుటలు ఉర్దూలో ఉన్నాయి. పుట్టిన సంవత్సరం 1331 ఫసలీ అని ఉన్నది. ఫసలీకి 590 కలిపితే 1921 వస్తుంది గనుక, ఆయన ఒక సంవత్సరం అదనంగా పనిచేశారనీ, ఆ జీతమంతా రాబట్టాలనీ ఆ అభ్యంతరం. పెన్షను ఆగిపోయింది.

ఆ ఫైలు నా సీటుకే వచ్చింది. నాకు ఉర్దూ రాదు. ఆయనే వారానికి రెండుసార్లు వచ్చి, స్టూలు మీద కూర్చొని, నాకు అక్షరాలు చూపించి, నెలల పేర్లు చదివి వినిపించేవారు. వచ్చినప్పుడల్లా ఒక చిన్న టిఫిను డబ్బా తెచ్చేవారు. "ఇంట్ల చేసింది బాబూ. ఉల్లిగడ్డ, అటుకులు. ఇంకేం లేదు" అని బల్లమీద పెట్టేవారు. పెన్షను రాని మనిషి తెచ్చినది కాదనడానికి నాకు నోరు రాలేదు. తిన్నాను. కరకరలాడుతూ ఎంతో బాగున్నాయి. మూకుడు మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆ రిజిస్టరులోనే మాకు దారి దొరికింది. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. 1331 ఫసలీ అంటే 1921 అక్టోబరు నుంచి 1922 అక్టోబరు దాకా. ఆయన పుట్టిన నెల ఖుర్దాద్, అంటే మన ఏప్రిల్ ప్రాంతం. కాబట్టి సరియైన సంవత్సరం 1922. అదనపు సర్వీసు లేదు, రాబట్టవలసినదీ లేదు. రెండు పుటల నోటు వ్రాసి, నెలల పట్టిక జత చేసి పంపాను. ఎనిమిది నెలల తరువాత పెన్షను మంజూరయింది.

మరి నాలుగేళ్ళకు సాబ్‌కు సుస్తీ చేసిందని తెలిసి పాతబస్తీలో వారి ఇంటికి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు లోపలినుంచి వారి బేగంగారు ప్లేటులో సమోసాలు పంపించారు. తెచ్చి ఇచ్చిన కుమారుడు, వంటింటి గోడకు తగిలించిన చిన్న బాండ్లి చూపించి, "అన్నా, అది మీ కోసమే కొన్నం. దాంట్ల గోష్ వండం. అబ్బాజాన్ పెన్షన్ ఫైల్ కోసం ఆఫీస్‌కు వస్తున్నప్పుడు అమ్మీ కొన్నది" అన్నాడు.

మిత్రులారా, ఆ ఎనిమిది నెలలు వారింట్లో జీతం లేదు, పెన్షను లేదు. ఆ రోజులలో ఆ తల్లి నా కోసం వేరే బాండ్లి కొన్నది. నేను ఎప్పుడో 1974లో అన్న మాట సాబ్ ఇంటికి వెళ్ళి చెప్పి ఉంటారు. కోపంతో చెప్పారో, నవ్వుతూ చెప్పారో నాకు తెలియదు. ఆ రోజు నేను ఆ ప్లేటు పూర్తిగా తినలేకపోయాను. ఆ ఏడాదే సాబ్ పరమపదించారు.

ఐన్-ఇ-అక్బరీలో "ఇరవై విధాలుగా వండవచ్చు" అన్న వాక్యం చదివినప్పుడు నాకు ఆ బాండ్లి గుర్తుకు వచ్చింది. సమోసా వెయ్యేళ్ళుగా రూపం మార్చుకొన్నది ఎందుకు? బాదం లేనిచోట ఉల్లిపాయ, మాంసం తినని ఇంట ఆలుగడ్డ, నీరు పట్టకుండా అటుకులు. ఎక్కడో ఒక వంటవాడో ఒక ఇల్లాలో "ఇది తినేవాడు ఎవరు, వాడికి ఏది పనికివస్తుంది" అని ఆలోచించినప్పుడల్లా అది మారింది. రాజులు దానిని మోసుకొని వచ్చి ఉండవచ్చు గాని, నిలబెట్టినది ఈ ఆలోచనే. అందుచేత అది "వారిదా, మనదా" అని అడిగేవారికి నా జవాబు ఒకటే. ఎవరి కోసం వండారో వారిది.

మన వయసువారికి ఒక మాట. మరిగిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచి వేయించినవి తినకండి. ఇంట్లో చేసుకొన్నా ఒకటితో ఆపండి. మా ఇంట్లో నాకు అర్ధమే మంజూరు. మిగిలిన సగం మనవడికి బదిలీ! అలాగే మీ సర్వీసులో మీకు అన్నం పెట్టినవారు, పని నేర్పినవారు ఎవరైనా ఉంటే వారి గురించి మన పత్రికకు నాలుగు ముక్కలు వ్రాసి పంపండి. మన తరువాత చెప్పేవారు ఉండరు.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ సెలవు.